పెనుకొండ కియా, ధర్మవరం పట్టు, ఐఎంఎఫ్ అప్పు: బిల్లు ఎవరు కట్టారు?



పెనుకొండ దగ్గర 44వ నంబర్ హైవే మీద వెళ్లినవాళ్లు ఎర్రమంచి దగ్గర కియా ఫ్యాక్టరీని చూసే ఉంటారు. ఒకప్పుడు వేరుశెనగ చేలు, రాళ్ల గుట్టలు ఉన్న చోట ఇప్పుడు కొరియన్ అక్షరాలతో బోర్డులు కనిపిస్తాయి. మనకి కియా అంటే సెల్టాస్, సోనెట్, ఇంకా మన ఫ్రెండ్స్‌లో ఎవరికో వచ్చిన ఉద్యోగం. అంతే కదా?

ఇప్పుడు ఒక ప్రశ్న. ఈ కియా కంపెనీ 1997లో కుప్పకూలిందని మీలో ఎంతమందికి తెలుసు? అదేమీ చిన్న కంపెనీ చిన్నగా మునగడం కాదు. దక్షిణ కొరియా ఐఎంఎఫ్ గుమ్మం ఎక్కి అప్పు అడగాల్సి రావడానికి ఉన్న కారణాల్లో కియా పతనం కూడా ఒకటి.

ఈరోజు ఎపిసోడ్ దాని గురించే. ప్రపంచాన్ని ఊపేసే సంక్షోభం వచ్చినప్పుడు ఐఎంఎఫ్, ప్రపంచ బ్యాంకు లాంటి సంస్థలు అప్పు ఇస్తాయి. ఆ అప్పుతో దేశం నిజంగా కోలుకుంటుందా? కోలుకుంటే ఆ ఖర్చు ఎవరి జేబులోంచి పోతుంది? ఈ కథని సోల్, ఢిల్లీ నుంచే కాకుండా మన పెనుకొండ, హిందూపురం, ధర్మవరం నుంచి కూడా చూద్దాం.

ముందు బేసిక్స్

మన ఊళ్లో పంట పోయిందనుకోండి. ఇంట్లో పొలం ఉంది, ఇల్లు ఉంది, బంగారం కూడా ఉంది. కానీ రేపు పొద్దున విత్తనాలకి, స్కూల్ ఫీజుకి చేతిలో డబ్బు లేదు. అంటే ఆస్తి లేక కాదు, చేతిలో ఆడే డబ్బు లేక ఇబ్బంది. అప్పుడు ఏం చేస్తాం? నగలు తాకట్టు పెడతాం.

దేశాలకి కూడా ఇదే సమస్య వస్తుంది. పెట్రోల్ కొనాలన్నా, పాత అప్పుకి వడ్డీ కట్టాలన్నా డాలర్లు కావాలి. మన రిజర్వ్ బ్యాంకు రూపాయలు అచ్చు వేయగలదు గానీ డాలర్లు అచ్చు వేయలేదు. డాలర్లు అయిపోతే ఎంత పెద్ద దేశమైనా ఒకరి దగ్గర చెయ్యి చాచాల్సిందే.

ఈ పని కోసమే 1944లో అమెరికాలోని బ్రెటన్ వుడ్స్ అనే చోట దేశాలన్నీ కూర్చుని రెండు సంస్థల్ని అనుకున్నాయి. ఐఎంఎఫ్ పని డాలర్ల కటకట వచ్చినప్పుడు తక్షణం ఆదుకోవడం. ప్రపంచ బ్యాంకు పని ప్రాజెక్టులకి, సంస్కరణలకి అప్పు ఇవ్వడం. తర్వాత 1966లో ఆసియా కోసం ఏడీబీ వచ్చింది. విచిత్రం ఏంటంటే, కియా కూడా 1944లోనే మొదలైంది. అప్పుడది సైకిల్ భాగాలు చేసే చిన్న కంపెనీ.

1997: కియా ఎలా మునిగింది?

1990ల్లో కొరియా బ్యాంకులు బయటి దేశాల నుంచి ఏడాదిలోపు తీర్చాల్సిన అప్పులు తెచ్చేవి. వాటిని పదేళ్లు పట్టే ఫ్యాక్టరీలకి ఇచ్చేవి. వారం వడ్డీకి తెచ్చి ఇల్లు కట్టినట్టు అనమాట. ఎప్పుడో ఒకప్పుడు అప్పిచ్చినవాడు తలుపు కొడతాడు, ఇల్లేమో సగంలో ఉంటుంది.

1997 జనవరిలో హన్బో అనే స్టీల్ కంపెనీ దివాలా తీసింది. జులై 2న థాయిలాండ్ తన కరెన్సీ బాత్‌ని కాపాడుకోలేక వదిలేసింది. అదే జులై మధ్యలో కియా అప్పులు కట్టలేనని చేతులెత్తేసింది. అప్పటికి అది దేశంలో ఎనిమిదో పెద్ద వ్యాపార గ్రూపు. కార్లు అమ్ముడవుతున్నాయి గానీ, అప్పు తెచ్చి స్టీల్ వ్యాపారంలో పెట్టిన డబ్బు గుదిబండ అయింది. ప్రభుత్వం దాన్ని మూసేయాలా, కాపాడాలా అని మూడు నెలలు తేల్చుకోలేకపోయింది. చివరికి అక్టోబర్‌లో, బ్యాంకు అప్పులో కొంత వాటాగా మార్చి కంపెనీని తన చేతుల్లోకి తీసుకుంటానంది.

బయటి దేశాల బ్యాంకులకి ఇది వేరేలా వినిపించింది. ఇంత పెద్ద కంపెనీయే ఇలా ఉంటే మిగతావాళ్ల సంగతేంటి? అందరూ ఒకేసారి డబ్బు వెనక్కి అడిగారు. సంక్షోభానికి ముందు డాలర్‌కి 900 దగ్గర ఉన్న కొరియా వాన్, డిసెంబర్ ఆఖరి వారంలో దాదాపు 2000కి పడిపోయింది. నవంబర్ 21న కొరియా ఐఎంఎఫ్ సాయం అడుగుతున్నట్టు ప్రకటించింది. డిసెంబర్ 3న ఒప్పందం కుదిరింది.

మొత్తం ప్యాకేజీ సుమారు 5800 కోట్ల డాలర్లు. అందులో ఐఎంఎఫ్ వాటా 2100 కోట్లు, ప్రపంచ బ్యాంకు 1000 కోట్లు, ఏడీబీ 400 కోట్లు. మిగతాది అవసరమైతే ఇస్తామని అమెరికా, జపాన్ లాంటి దేశాలు చెప్పిన మాట. అప్పటివరకు ఐఎంఎఫ్ ఏ దేశానికీ అంత పెద్ద మొత్తం ఇవ్వలేదు.

ఇక్కడ చాలామంది వదిలేసే పాయింట్ ఒకటి ఉంది. అంత డబ్బు ప్రకటించినా వాన్ పడిపోవడం ఆగలేదు. ఎందుకంటే ఐఎంఎఫ్ ఒక తలుపులోంచి డాలర్లు పంపిస్తుంటే, ప్రైవేట్ బ్యాంకులు ఇంకో తలుపులోంచి పట్టుకుపోతున్నాయి. అసలు మలుపు డిసెంబర్ 24న వచ్చింది. ఐఎంఎఫ్, పెద్ద దేశాలు డబ్బు త్వరగా విడుదల చేస్తామన్నాయి. దాంతోపాటే అమెరికా, జపాన్, యూరప్ బ్యాంకుల్ని కూర్చోబెట్టి, ఇప్పుడే అప్పు వెనక్కి అడగొద్దని ఒప్పించాయి. 1998 జనవరి చివర్లో న్యూయార్క్‌లో కుదిరిన ఒప్పందంతో సుమారు 2400 కోట్ల డాలర్ల అప్పుకి ఒకటి నుంచి మూడేళ్ల దాకా గడువు దొరికింది.

సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, సర్వర్ డౌన్ అయినప్పుడు ముందు రీస్టార్ట్ చేసి సర్వీస్ నిలబెడతాం. బగ్ ఎక్కడుందో తర్వాత వెతుకుతాం. ఐఎంఎఫ్ అప్పు ఆ రీస్టార్ట్ లాంటిది. అది కొనిపెట్టేది టైం మాత్రమే. బగ్ ఫిక్స్ దేశమే చేసుకోవాలి, ఎవరి మీద నొప్పి పడకుండా ఆ ఫిక్స్ జరగదు.

కొరియాలో ఆ నొప్పి ఎవరికి?

షరతుల లిస్ట్ పెద్దదే. వడ్డీ రేట్లు పెంచాలి. బలహీనంగా ఉన్న ఫైనాన్స్ సంస్థల్ని మూసేయాలి. విదేశీ పెట్టుబడికి తలుపులు తీయాలి. కంపెనీలు ఉద్యోగుల్ని తీసేసుకునేలా రూల్స్ మారాలి. వడ్డీ 30 శాతం దగ్గరికి వెళ్లింది. బాగా నడుస్తున్న చిన్న కంపెనీలు కూడా ఆ వడ్డీకి మూతపడ్డాయి. 1998లో ఆర్థిక వ్యవస్థ 5 శాతానికి పైగా కుంచించుకుపోయింది. 2 శాతం చుట్టూ ఉన్న నిరుద్యోగం 1999 మొదటికి 8 శాతం దాటింది. కొరియాలో ఇప్పటికీ ఆ రోజుల్ని ‘ఐఎంఎఫ్ కాలం’ అనే అంటారు. ఒక సంస్థ పేరు ఒక కష్టకాలానికి పేరైపోయింది.

ఈ మందు మరీ ఘాటైందని అప్పట్లోనే గట్టిగా అన్నవాళ్లలో జోసెఫ్ స్టిగ్లిట్జ్ ఒకరు. ఆయన బయటి మనిషేం కాదు, అప్పుడు ప్రపంచ బ్యాంకు చీఫ్ ఎకనామిస్ట్. అంటే అప్పిచ్చేవాళ్ల ఇంట్లోనే ఒక మాట లేదు.

ఇంకోవైపు 1998 జనవరిలో కొరియా జనం బ్యాంకుల ముందు లైన్లు కట్టారు. డబ్బు తీసుకోవడానికి కాదు, బంగారం ఇవ్వడానికి. పెళ్లి ఉంగరాలు, పిల్లల మొదటి పుట్టినరోజు ఉంగరాలు, ఆటల్లో గెలిచిన మెడల్స్ తెచ్చి ఇచ్చారు. సుమారు 35 లక్షల మంది దాదాపు 227 టన్నుల బంగారం పోగుచేశారు. దాని విలువ 200 కోట్ల డాలర్ల పైచిలుకు. మొత్తం అప్పుతో పోలిస్తే ఇది చిన్నదే. కానీ మనమంతా ఒకే పడవలో ఉన్నామన్న నమ్మకం వచ్చింది.

కియాని వేలం వేశారు. ఫోర్డ్, శాంసంగ్, డేవూ, హ్యుందాయ్ పోటీపడ్డాయి. మొదటి రౌండ్లు తేలలేదు. చివరికి 1998 అక్టోబర్‌లో హ్యుందాయ్ గెలిచి 51 శాతం వాటా తీసుకుంది. అప్పులిచ్చిన బ్యాంకులు చాలా మొత్తం వదులుకున్నాయి. 1999లో కొరియా 11 శాతం దాకా పెరిగింది. 2001 ఆగస్ట్ 23న, గడువుకి దాదాపు మూడేళ్ల ముందే ఐఎంఎఫ్ అప్పు మొత్తం తీర్చేసింది.

సక్సెస్ స్టోరీ కదా? అవును. కానీ ఆ కాలంలో ఉద్యోగం పోయినవాళ్లలో చాలామందికి పాత పర్మనెంట్ ఉద్యోగం మళ్లీ రాలేదు. కాంట్రాక్ట్ పనులు బాగా పెరిగాయి. దేశం అప్పు నాలుగేళ్లలో తీరింది. ఆ ఇళ్ల అప్పు మాత్రం అంత తొందరగా తీరలేదు.

మన బంగారం కథ: 1991

బంగారం మాట వచ్చింది కాబట్టి ఆరేళ్లు వెనక్కి, మన దేశానికి వద్దాం.

1990 ఆగస్ట్‌లో ఇరాక్ కువైట్‌ని ఆక్రమించింది. చమురు ధర ఎగిసింది. గల్ఫ్‌లో మనవాళ్ల ఉద్యోగాలు పోయి, వాళ్లు పంపే డబ్బు ఆగింది. 1991 నాటికి మన దగ్గరున్న డాలర్లు రెండు మూడు వారాల దిగుమతులకి కూడా బొటాబొటిగా ఉన్నాయి. జనవరిలో ఐఎంఎఫ్ నుంచి 180 కోట్ల డాలర్లు తెచ్చాం. సరిపోలేదు.

మే నెలలో స్టేట్ బ్యాంకు ద్వారా 20 టన్నుల బంగారం స్విట్జర్లాండ్‌కి వెళ్లింది. జులైలో రిజర్వ్ బ్యాంకు ఇంకో 47 టన్నులు విమానాల్లో లండన్ పంపి, బ్యాంక్ ఆఫ్ ఇంగ్లాండ్, బ్యాంక్ ఆఫ్ జపాన్ దగ్గర తాకట్టు పెట్టింది. వచ్చింది 40 కోట్ల డాలర్లు. కొరియాలో జనం తామే తెచ్చి ఇచ్చారు. మన దగ్గర అంతా గుట్టుగా జరిగింది, పేపర్లో వచ్చాకే జనానికి తెలిసింది. నగలు తాకట్టు పెట్టడం అంటే మన ఇళ్లల్లో పరువు విషయం కదా. దేశం కూడా అలాగే దాచింది.

ఆ టైంలో ఢిల్లీలో ఉన్న ఇద్దరు మనవాళ్ల గురించి చెప్పాలి. ఒకరు ప్రధాని పీవీ నరసింహారావు. ఆయన ప్రధాని అయ్యాక నవంబర్‌లో లోక్‌సభకి గెలిచింది మన రాయలసీమ నుంచే, నంద్యాల ఉపఎన్నికలో. ఇంకొకరు వై.వి.రెడ్డి. కడప జిల్లా పాటూరు ఆయన ఊరు. అప్పుడు ఆర్థిక శాఖలో విదేశీ చెల్లింపుల లెక్క చూసిన అధికారి, తర్వాత రిజర్వ్ బ్యాంకు గవర్నర్ కూడా అయ్యారు.

జులై 1న, 3న రెండు దెబ్బలుగా రూపాయి విలువ తగ్గించారు. జులై 24న మన్మోహన్ సింగ్ బడ్జెట్ వచ్చింది, అదే రోజు కొత్త పారిశ్రామిక విధానం కూడా. అక్టోబర్‌లో ఐఎంఎఫ్ ఇంకో 220 కోట్ల డాలర్లకి ఒప్పుకుంది. డిసెంబర్‌లో ప్రపంచ బ్యాంకు 50 కోట్లు ఇచ్చింది. తాకట్టు పెట్టిన బంగారాన్ని ఆ ఏడాదే విడిపించుకున్నాం. ఇంకో ట్విస్ట్ ఉంది. 2008 ప్రపంచ సంక్షోభం తర్వాత, 2009లో అదే ఐఎంఎఫ్ బంగారం అమ్మితే 200 టన్నులు కొన్నది మన రిజర్వ్ బ్యాంకే.

ఈ భాగం అందరూ చెప్తారు. ఆ బడ్జెట్ మన ఊళ్లని ఎలా తాకిందో చూద్దాం. అందులో ఎరువుల ధర 40 శాతం పెంచారు. గొడవ జరిగాక 30కి తగ్గించి, చిన్న రైతుల్ని మినహాయించారు. సంతకాలు ఢిల్లీలో, వాషింగ్టన్‌లో పడ్డాయి. బస్తా ధర మాత్రం ఎరువుల కొట్లో మారింది.

హిందూపురం గూళ్లు, ధర్మవరం మగ్గాలు

ఇప్పుడు అసలు మన కథ.

హిందూపురం, మడకశిర, పెనుకొండ వైపు మల్బరీ తోటలు ఎక్కువ. రైతు ఆకు కోసి పురుగుల్ని పెంచుతాడు. గూళ్లు హిందూపురం మార్కెట్‌కి వస్తాయి. రీలర్లు వేలంలో కొని దారం తీస్తారు. ఆ దారం ధర్మవరం మగ్గం మీద పెళ్లి చీర అవుతుంది. ఒక గూడు ధర మారితే మూడు ఊళ్లలో లెక్క మారుతుంది.

1989లో ప్రపంచ బ్యాంకు, స్విట్జర్లాండ్ సాయంతో జాతీయ పట్టు పరిశ్రమ ప్రాజెక్ట్ మొదలైంది. మల్బరీ పెంచండి, మంచి గూళ్లు తీయండి అని. మన రాష్ట్రం కూడా అందులో ఉంది. అంటే అంతర్జాతీయ అప్పు మన తోటల దాకా వచ్చింది.

అప్పట్లో మన దేశానికి డాలర్ల కొరత ఉందని చెప్పి చాలా వస్తువుల దిగుమతిని పరిమితుల్లో పెట్టుకునే వీలుండేది. ప్రపంచ వాణిజ్య నియమాలే అందుకు ఒప్పుకునేవి. 1991 తర్వాత దేశం కోలుకుంది, డాలర్లు పెరిగాయి. 1997లో ఐఎంఎఫ్ ప్రపంచ వాణిజ్య సంస్థకి తన లెక్క చెప్పింది, భారత్ దగ్గర నిల్వలు సరిపడా ఉన్నాయని. అమెరికా కేసు వేసింది. 1999లో తీర్పు మనకి వ్యతిరేకంగా వచ్చింది. 2001 ఏప్రిల్ 1కి ఆ పరిమితుల్లో మిగిలినవి కూడా తీసేశారు. పట్టు దారం దిగుమతి స్వేచ్ఛగా మారింది.

గమనించారా? ఐఎంఎఫ్ మాట్లాడింది డాలర్ల నిల్వ గురించి, పట్టు గురించి కాదు. కానీ దేశం కోలుకోవడమే హిందూపురం రైతుకి ఉన్న గొడుగు తీసేసింది. చైనా దారం చవగ్గా వచ్చిపడింది. 2003లో కేంద్రం దాని మీద యాంటీ డంపింగ్ సుంకం వేయాల్సి వచ్చింది.

ఇప్పుడు ధర్మవరం వైపు నుంచి చూడండి. చైనా దారం సమంగా, గట్టిగా ఉంటుంది. పడుగుకి బాగా పనికొస్తుంది. దారం ధర పెరిగితే నేతన్నకి గిట్టదు. రైతుకి గూడు ధర పడిపోతే గిట్టదు. 2011 బడ్జెట్‌లో పట్టు దారం మీద దిగుమతి సుంకం 30 శాతం నుంచి ఒక్కసారిగా 5 శాతానికి తగ్గించారు. గూళ్ల ధరలు కూలిపోయి రైతులు రోడ్డెక్కారు. 2013లో దాన్ని 15 శాతానికి పెంచారు. ఒకే సుంకం, ఒకే జిల్లా. ఒక ఊరు పెంచమంటుంది, ఇంకో ఊరు తగ్గించమంటుంది. ఇద్దరిదీ న్యాయమే.

అందుకే ఎవరైనా ‘ఐఎంఎఫ్ మనల్ని కాపాడింది’ అనో, ‘ఐఎంఎఫ్ మనల్ని ముంచింది’ అనో ఒక్క ముక్కలో తేల్చేస్తే నేను నమ్మను. ‘మనల్ని’ అంటే ఎవర్ని? మల్బరీ రైతునా, నేతన్ననా, బెంగళూరులో కోడింగ్ చేసుకునే నన్నా? నా ఉద్యోగం 1991లో తెరిచిన తలుపులోంచి వచ్చిందే. అదే తలుపులోంచి చైనా దారం కూడా వచ్చింది.

మన రాష్ట్రం సొంతంగా కూడా ఈ దారిలో వెళ్లింది. 1998లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రపంచ బ్యాంకు నుంచి సంస్కరణల అప్పు తీసుకుంది. 1999 ఫిబ్రవరిలో విద్యుత్ బోర్డు రెండుగా చీలింది. 2000లో కరెంట్ చార్జీలు పెరిగితే ఉద్యమం లేచింది. ఆగస్ట్ 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో పోలీసు కాల్పులు జరిగి ముగ్గురు చనిపోయారు. కాగితం మీద ‘టారిఫ్ సంస్కరణ’ అనే రెండు ముక్కలకి రోడ్డు మీద అంత ధర పడింది.

మళ్లీ పెనుకొండకి

2017 ఏప్రిల్ 27న కియా మన రాష్ట్ర ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుంది. పెట్టుబడి 110 కోట్ల డాలర్లు, ఏడాదికి 3 లక్షల కార్ల సామర్థ్యం. వర్షం సరిగ్గా పడని మన జిల్లాలో నీళ్ల కోసం గొల్లపల్లి రిజర్వాయర్ సిద్ధమైంది. 2019 ఆగస్ట్‌లో మొదటి సెల్టాస్ మార్కెట్‌లోకి వచ్చింది. డిసెంబర్ 5న ఫ్యాక్టరీ ప్రారంభోత్సవం జరిగింది.

ఒక్కసారి ఆ రెండు చివర్లు కలిపి చూడండి. 1997లో కొరియాకి డాలర్లు దొరక్క కియా లాంటి కంపెనీలు ముక్కలుగా అమ్ముడుపోయి ఉంటే? 1991లో మనం విదేశీ పెట్టుబడికి తలుపు తీయకపోయి ఉంటే? ఎర్రమంచిలో ఆ గేటు ఉండేది కాదేమో. ఐఎంఎఫ్ వల్లే కియా వచ్చిందని నేను అనట్లేదు. మధ్యలో ఇరవై ఏళ్లు, బోలెడు నిర్ణయాలు ఉన్నాయి. కానీ ఆ గొలుసులో అదొక కడియం.

అదే గొలుసులో ఉల్సాన్‌లోనో, సోల్‌లోనో నలభై ఏళ్ల వయసులో ఉద్యోగం పోయిన ఒక కొరియా కార్మికుడు కూడా ఉన్నాడు. పెనుకొండ కుర్రాడికి వచ్చిన ఉద్యోగంలో అతను కట్టిన బిల్లు కొంత ఉంది. గూళ్లకి రేటు రాక మల్బరీ తోట పీకేసిన రైతు కట్టిన బిల్లు కూడా కొంత ఉంది. వాళ్లెవరూ ఒకరికొకరు తెలియదు. ఒప్పందం మీద సంతకం పెట్టినప్పుడు వాళ్లలో ఎవరికీ అక్కడ కుర్చీ లేదు.

ఈ విషయం ఇప్పుడెందుకు? ఎందుకంటే అప్పులు ఆగలేదు. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు ప్రపంచ బ్యాంకు, ఏడీబీ మన దేశానికి వందల కోట్ల డాలర్లు ఇచ్చాయి. 2024 డిసెంబర్‌లో అమరావతి కోసం అవే రెండు సంస్థలు చెరో 80 కోట్ల డాలర్ల దాకా మంజూరు చేశాయి. రేపు మీ ఫోన్‌లో ఇలాంటి న్యూస్ నోటిఫికేషన్ వస్తుంది. కింద కామెంట్స్‌లో సగం మంది పండగ చేస్తారు, సగం మంది ‘అమ్మేశారు’ అంటారు.

మీరు మాత్రం మూడు ప్రశ్నలు అడగండి. ఈ అప్పుతో కొన్న టైంలో ఏ పని చేయబోతున్నాం? షరతులు ఏంటి, అవి మన భాషలో ఎక్కడైనా పెట్టారా? ఆ షరతుల ఖర్చు ఏ ఊళ్లో, ఎవరి ఇంట్లో పడుతుంది, వాళ్లకి ముందే చెప్పారా?

కొరియా తన జనాన్ని బంగారం అడిగింది, జనం ఇచ్చారు. ఎందుకంటే సంగతేంటో వాళ్లకి తెలుసు. మన దగ్గర రైతుకి సుంకం తగ్గిన సంగతి మార్కెట్‌లో వేలం పాట మొదలయ్యాకే తెలిసింది. బిల్లు కట్టేవాళ్లకి ముందు బిల్లు చూపించాలి. మన ఊళ్లో హోటల్‌వాడు కూడా అంతే చేస్తాడు కదా.

మీ ఇంట్లో మల్బరీ గానీ, మగ్గం గానీ ఉంటే, లేదా మీరు కియాలోనో దాని చుట్టూ ఉన్న కంపెనీల్లోనో పనిచేస్తుంటే, 2001లో, 2011లో మీ ఇంట్లో ఏం జరిగిందో పెద్దవాళ్లని అడిగి కామెంట్‌లో రాయండి. ఈ చరిత్ర పుస్తకాల్లో తక్కువ, ఇళ్లల్లోనే ఎక్కువ ఉంది. మళ్లీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.